కేంద్రం తప్పినవారు

గ్రహగతుల పాఠం జరుగుతుండగా ఇంటరు తరగతిలో ఒక విద్యార్థి లేచి ఇట్లా అడిగినాడు: "సార్, ఎక్సెంట్రిక్ అంటే తిక్క మనిషి అని నిఘంటువులో ఉన్నది. బుధుడికి ఎక్సెంట్రిసిటీ ఎక్కువ అని మీరు చెబుతున్నారు. అయితే బుధుడు తిక్క గ్రహమా?" తరగతి అంతా నవ్వినది. నేనూ నవ్వి, "శాస్త్రంలో దాని అర్థం వేరు, లోకంలో అర్థం వేరు" అని చెప్పి పాఠం సాగించినాను.

గంట కొట్టిన తరువాత ఆ విద్యార్థి నా వెంట వచ్చినాడు. దమ్మపేట దాటి అడవి అంచున ఉన్న పల్లె అతనిది. ఆ పల్లెలో ఒక ముసలమ్మ ఒంటరిగా ఉంటుందట. వేళకాని వేళ అడవికి పోయి వేళ్ళు, ఆకులు తెచ్చుకుంటుందట. పండుగకు పబ్బానికి ఎవరి గడపా తొక్కదట. ఊరిలో కొందరు ఆమెను తిక్కది అంటారు. మరికొందరు గొంతు తగ్గించి చేతబడి మాట ఎత్తుతారు. "ఆమెది కూడా ఎక్సెంట్రిసిటీయేనా సార్?" అని అతడు అడిగినాడు. ఈసారి నాకు నవ్వు రాలేదు.

"అర్థం వేరు" అని తరగతిలో నేను చెప్పిన సమాధానం తప్పు కాదు. కాని అది చాలదు. ఒకే మాట ఆకాశంలో ఒక కొలతగా, ఊరిలో ఒక నిందగా ఎట్లా పనిచేస్తున్నదో విమర్శించి చూడవలసి ఉన్నది. ఆ పని ఇక్కడ చేయబూనినాను.

మేకులు, దారం

ముందు కొలత సంగతి చూతము. మన పుస్తకాలలో ఎక్సెంట్రిసిటీకి ఉత్కేంద్రత అని పేరు. దానిని చేతితో తెలుసుకొనుటకు ఒక చెక్క పలక, రెండు మేకులు, దారం చాలును. పలకపై మేకులు దిగగొట్టి, వాటికి దారపు ఉచ్చు తగిలించి, పెన్సిలు మొనతో ఆ ఉచ్చును బిగువుగా లాగుతూ చుట్టూ తిప్పితే దీర్ఘవృత్తం ఏర్పడుతుంది. మేకులున్న చోట్లు దాని నాభులు. గ్రహకక్ష్యలో సూర్యుడు ఒక నాభి వద్ద ఉంటాడు. రెండవ నాభి వద్ద ఏమీ ఉండదు. నాభుల మధ్య దూరాన్ని దీర్ఘవృత్తపు పొడవుతో భాగించగా వచ్చే సంఖ్యయే ఉత్కేంద్రత. రెండు మేకులు ఒకచోటికి చేరితే ఆ సంఖ్య సున్న అవుతుంది. అప్పుడు వచ్చేది వృత్తం.

కక్ష్య పొడవు 60 సెంటీమీటర్లు ఉండునట్లు గీయదలచితే లెక్క ఇది. భూమి ఉత్కేంద్రత 0.0167. కనుక మేకుల మధ్య ఎడం 1 సెంటీమీటరు, ఉచ్చు మొత్తం దారం 61 సెంటీమీటర్లు. బుధుని ఉత్కేంద్రత 0.2056. మేకుల ఎడం 12.3, దారం 72.3 సెంటీమీటర్లు. హేలీ తోకచుక్క ఉత్కేంద్రత 0.967. మేకుల ఎడం 58, దారం 118 సెంటీమీటర్లు.

మూడు బొమ్మలు గీసి పక్కపక్కన పెట్టి చూడండి. హేలీ తోకచుక్క కక్ష్య వెడల్పు 15 సెంటీమీటర్లకు కొంచెం ఎక్కువ. అది సన్నగా, కోలగా ఉంటుంది. ఇందులో ఆశ్చర్యం లేదు. కాని భూమి కక్ష్యను చూడండి. పొడవు 60 సెంటీమీటర్లు కాగా వెడల్పు దానికంటే తగ్గేది మిల్లీమీటరులో పదో వంతు కూడా లేదు. పెన్సిలు గీత మందంలోనే ఆ తేడా మునిగిపోతుంది. కంటికి అది పరిపూర్ణమైన వృత్తం. అయినా సూర్యుడు నడిబొడ్డున లేడు. 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగి ఉన్నాడు. బుధుని కక్ష్యలోనూ ఇదే సంగతి. వెడల్పులో తగ్గినది 1.3 సెంటీమీటర్లే గాని, సూర్యుడు మధ్యనుంచి 6 సెంటీమీటర్లకు పైగా జరిగినాడు.

దీనినిబట్టి తేలుతున్నదేమి? ఉత్కేంద్రత కొద్దిగా ఉన్నప్పుడు ఆకారంలోని వంకర దాదాపు కనిపించదు. కేంద్రం పక్కకు జరుగుట మాత్రం కనిపిస్తుంది. పేరులో ఉన్నది కూడా అదే. గ్రీకు భాషలోని మూలపదానికి 'కేంద్రానికి వెలుపల' అని అర్థం. ఈ మాట గ్రహం వంకరను చెప్పక, అది దేని చుట్టూ తిరుగుతున్నదో ఆ వస్తువు ఎక్కడ ఉన్నదని అడుగుతున్నది.

మన గోడపటాలలోను, కొన్ని పాఠ్యపుస్తకాలలోను భూమి కక్ష్యను కోడిగుడ్డు వలె గీస్తున్నారు. పక్కనుంచి చూసినట్లు గీసిన బొమ్మ అని చిత్రకారునికి తెలిసి ఉండవచ్చును గాని విద్యార్థికి తెలియదు. భూమి సూర్యునికి దగ్గరైనప్పుడు ఎండాకాలం, దూరమైనప్పుడు చలికాలం అని అతడు నిర్ణయించుకుంటాడు. నిజం ఇందుకు విరుద్ధం. భూమి సూర్యునికి అతి సమీపంగా, అనగా సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండేది జనవరి మొదటి వారంలో. దమ్మపేట తోటలలో తెల్లవారుజామున మంచు కురిసే రోజులవి. అతి దూరంగా, అనగా సుమారు 15 కోట్ల 21 లక్షల కిలోమీటర్లలో ఉండేది జూలై మొదటి వారంలో. ఋతువులకు కారణం భూమి అక్షం వాలు. కక్ష్య కోలదనం కాదు. వంకరను పెద్దది చేసి చూపిన బొమ్మ, పిల్లవానికి తప్పు కారణాన్ని నేర్పినది. ఈ మాట గుర్తుంచుకోండి. మనుషుల విషయంలో మరల దీని అవసరం పడుతుంది.

ధనుర్మాసపు సాక్ష్యం

అంత స్వల్పమైన ఉత్కేంద్రతను సామాన్యుడు చూడగలడా? చూడగలడు, దానికి పంచాంగం చాలును. భద్రాచలంలో ముక్కోటి ఏకాదశికి గోదావరిలో తెప్పోత్సవం జరిగే ధనుర్మాసం మనకందరికీ తెలిసినదే. సుమారు డిసెంబరు 16న మొదలై సంక్రాంతితో ముగిసే ఈ మాసం ఇంచుమించు 29½ రోజులు. జూన్ నడిమి నుంచి జూలై నడిమి వరకు ఉండే మిథున మాసం ఇంచుమించు 31½ రోజులు. రెండింటిలోను సూర్యుడు దాటేది ఒకే కొలత, 30 డిగ్రీలు. జనవరిలో భూమి సూర్యునికి దగ్గరగా ఉండి వేగంగా నడుస్తుంది. జూలైలో దూరంగా ఉండి నిదానిస్తుంది. ఆ రెండు రోజుల తేడాయే మన ఇంటి పంచాంగంలో భూమి ఉత్కేంద్రత.

మన పూర్వులు దీనిని గమనించినారు. క్రీ.శ. 499 నాటి కాలాన్ని పేర్కొన్న ఆర్యభటీయంలో సూర్యునికి ఒక మందవృత్తం ఉన్నది; పూర్తి వృత్తం 360 భాగాలైతే దాని పరిధి 13½ భాగాలు. దీనినిబట్టి సూర్యుని సగటు స్థానానికి, నిజస్థానానికి గరిష్ఠ భేదం 2 డిగ్రీల 9 నిమిషాలు వస్తుంది. నేటి లెక్క 1 డిగ్రీ 55 నిమిషాలు. ఆర్యభటుని లెక్కలో దీర్ఘవృత్తం లేదు, ఉన్నవన్నీ వృత్తాలే. కేంద్రాన్ని పక్కకు జరిపినంత పని చేసి అంత దగ్గరకు రాగలిగినాడు. సూర్యగతి మందగించే చోటికి 'మందోచ్చ' అని పేరు పెట్టినారే గాని, సూర్యుడు దారి తప్పినాడని ఎవరూ అనలేదు.

మాట మనిషిని పట్టుకున్నప్పుడు

యూరపు భాషలలో ఈ మాట ముందు ఖగోళశాస్త్రానిది. తరువాత మనుషులకు అంటుకున్నది. పదిమంది నడిచే దారిలో నడవనివాడు ఎక్సెంట్రిక్ అయినాడు. తెలుగులో అట్లా జరగలేదు. మనకు తిక్క, వెర్రి, చాదస్తం, విడ్డూరం అనే మాటలు వేరుగా ఉన్నవి. ఉత్కేంద్రత గణితపు గదిలోనే ఉండిపోయినది. నిఘంటువు రెండింటినీ ఒక ఇంగ్లీషు మాట కింద చేర్చడంతో నా విద్యార్థికి బుధుడు తిక్క గ్రహంగా కనిపించినాడు.

ఈ రెండు మాటలకు ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. తిక్క అన్నప్పుడు లోపం ఆ మనిషి తలలో ఉన్నదని తీర్పు చెబుతున్నాము. ఉత్కేంద్రత అట్లాంటిది కాదు. అది రెండు బిందువుల మధ్య సంబంధం. బొమ్మ మధ్య బిందువు ఒకటి, సూర్యుడున్న బిందువు ఒకటి. రెండూ చూపకుండా ఆ సంఖ్య చెప్పలేము. ఫలానావాడు కేంద్రం తప్పినాడు అనేవాడు, ఏ కేంద్రం? ఆ కేంద్రాన్ని అక్కడ ఎవరు గుచ్చినారు? అనే ప్రశ్నలకు బదులు చెప్పవలెను. సాధారణంగా ఆ కేంద్రం మాట్లాడేవాని ఇంటి వాకిలే.

ఇంకొక సంగతి. బుధుడు, భూమి, తోకచుక్క మూడూ ఒకే ఆకర్షణ నియమానికి లోబడి తిరుగుతున్నవి. తోకచుక్కకు వేరే చట్టం లేదు. పైగా ఉత్కేంద్రత గ్రహానికి మారని పుట్టుగుణం కాదు. గురుడు మొదలైన ఇతర గ్రహాల లాగుడు వల్ల భూమి ఉత్కేంద్రతయే సుమారు లక్ష సంవత్సరాల ఆవర్తంలో దాదాపు సున్న నుంచి 0.06 దాకా పెరిగి తరుగుతూ ఉంటుంది. పక్కవారి లాగుడును లెక్కలోకి తీసుకోకుండా ఒకని నడకను గురించి తీర్పు చెప్పుట శాస్త్రంలో చెల్లదు.

1910లో రెండు నడకలు

గ్రహచారం, మనుష్యాచారం రెండూ ఒకచోట కలిసిన ఘట్టం తెలుగు సాహిత్యంలో ఉన్నది. 1910 ఏప్రిల్ 20న హేలీ తోకచుక్క సూర్యుని సమీపించినది. మే నెలలో భూమి దాని తోకకు చేరువగా పోయినది. తోకలో సయనోజన్ అనే విషవాయువు ఉన్నట్లు వర్ణపటం చూపగా, పాశ్చాత్య దేశాలలోనే జనం బెదిరి తోకచుక్క మాత్రలు కొన్నారు. ఆ ఏడాదే గురజాడ అప్పారావు 'ముత్యాల సరాలు' వెలువడినది. అందులో కులభేదం పాటించక పదిమందితో కలిసి భుజించిన భర్త, అలిగిన భార్య, ఆకాశంలో తోకచుక్క ఉన్నారు. లోకం కీడుగా చూసే చుక్కను కవి సంస్కరణకు ఎత్తిన జెండాగా చూసినాడు.

శాస్త్రపాఠకుడు ఇక్కడ గమనించవలసినది ఒకటి ఉన్నది. తోకచుక్కలు చెప్పాపెట్టకుండా వచ్చే అపశకునాలు అనుకొనే కాలంలో, 1682లో కనిపించినదే 1758 ప్రాంతంలో తిరిగి వస్తుందని ఎడ్మండ్ హేలీ 1705లో లెక్క కట్టి ప్రకటించినాడు. ఆయన 1742లో చనిపోయినాడు. చుక్క 1758 క్రిస్‌మస్ నాటి రాత్రి కనిపించినది. సూర్యునికి శుక్రునికంటే దగ్గరగా వచ్చి, నెప్ట్యూనుకు అవతల దాకా పోయే ఈ చుక్క మాట తప్పదు. 1986లో వచ్చి వెళ్ళినది, 2061లో మరల వస్తుంది. అస్తవ్యస్తంగా కనిపించిన నడకలో క్రమం ఉన్నది. చూసేవారి వద్ద దానిని కనిపెట్టే లెక్క అంతకు ముందు లేదు. గురజాడ ఆ చుక్కను, ఆ విందును పక్కపక్కన పెట్టుటలోని ఔచిత్యం ఇదేనని నా అభిప్రాయం.

గురజాడ మిత్రుడు గిడుగు రామమూర్తి (1863–1940) పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. బడి చెప్పి ఇంటికి పోయి హాయిగా ఉండవలసిన మనిషి కొండలలోని సవరల భాష నేర్చుకున్నాడు. వారి పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పవలెనని పాఠాలు రాసినాడు, బడులు పెట్టినాడు. 1931లో సవర భాషా వ్యాకరణం వెలువడినది. మరొకవైపు, మాట్లాడే తెలుగులో పుస్తకాలు రాయవలెనని పండితులతో పోరి, 1919లో 'తెలుగు' అనే పత్రిక నడిపినాడు. గ్రాంథికం కేంద్రమనుకున్నవారికి ఇదంతా కేంద్రం తప్పిన నడక. ఆయన కేంద్రం మాత్రం చెక్కుచెదరలేదు: చదువు చదివేవానికి అర్థం కావలెను. సవర పిల్లవాని బడి, వ్యావహారిక భాష రెండూ ఆ ఒక్క బిందువు చుట్టూ తిరిగినవే. నేడు మన పాఠ్యపుస్తకాలు ఆయన పక్షానికే వచ్చినవి. ఆయన పుట్టిన ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవమైనది.

కెప్లర్ తల్లి

గ్రహకక్ష్య దీర్ఘవృత్తమని 1609లో ప్రకటించినవాడు జొహాన్ కెప్లర్. కుజుని స్థానంలో వృత్తపు లెక్కకు, టైకోబ్రాహీ పరిశీలనకు మధ్య 8 నిమిషాల తేడా వచ్చినది. అనగా డిగ్రీలో ఏడో వంతు మాత్రం. దానిని ఆయన పొరపాటని తోసివేయలేదు. అతి ప్రాచీనమైన వృత్తాన్నే వదులుకున్నాడు.

ఆ కెప్లర్ తల్లి కేథరీన జర్మనీలో లియోన్‌బర్గ్ పట్టణంలో ఉండేది. ముసలిది, మాట పెళుసు, మూలికల మందులు తెలిసినది. 1615లో పొరుగావిడ ఒకతె, ఈమె ఇచ్చిన పానీయం వల్ల తనకు జబ్బు చేసినదని, ఈమె మంత్రగత్తె అని ఆరోపించినది. 1620లో కేథరీనను బంధించినారు. 70 ఏళ్ళు పైబడిన ఆమె 14 నెలలు చెరలో ఉన్నది. కెప్లర్ తన పనులు ఆపుకొని వచ్చి, సాక్షుల మాటలు ఒక్కొక్కటి విడదీసి, ఆ జబ్బులకు సహజమైన కారణాలు చూపుతూ వాదించినాడు. 1621లో ఆమె విడుదలైనది; మరుసటి ఏడు చనిపోయినది.

ఇది నాలుగు వందల ఏళ్ళనాటి పరదేశపు కథ అని ఊరడిల్లుటకు వీలులేదు. చేతబడి నెపంతో మనుషులను కొట్టిన వార్తలు, చంపిన వార్తలు తెలుగునేలపై ఇప్పటికీ వినబడుతున్నవి. ఒంటరివారు, ముసలివారు, నలుగురిలో కలవనివారు వీటికి తేలికగా గురి అవుతున్నారు. ఊరిలో జ్వరాలు వచ్చినప్పుడు దోమలను, నీటిని పరీక్షించవలసిన బుద్ధి, వేరుగా నడిచే మనిషి వైపు తిరుగుతుంది. కోడిగుడ్డు బొమ్మ చూసి ఎండాకాలానికి కారణం కనుక్కున్న పిల్లవాడు చేసిన తప్పు ఇటువంటిదే. కంటికి కొట్టవచ్చినట్లున్న తేడాను పట్టుకొని, అదే కారణమనుకున్నాడు. పిల్లవాని తప్పుకు మార్కులు పోతవి. ఇక్కడ ప్రాణం పోతుంది.

మన చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉన్నది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మూడవ సెక్షను ప్రకారం, ఒక మనిషి తన సమాజంలోని నైతిక, సాంఘిక, సాంస్కృతిక, రాజకీయ విలువలకు గాని, మతవిశ్వాసాలకు గాని అనుగుణంగా నడవలేదన్న కారణంతో అతనికి మానసిక వ్యాధి ఉన్నదని నిర్ణయించరాదు. నలుగురి వృత్తంలో లేకపోవుట రోగలక్షణం కాదని చట్టమే చెబుతున్నది.

పోలిక ఎందాక?

పోలికను మితిమీరి లాగుట కూడా తప్పే. గ్రహానికి ఇష్టాయిష్టాలు లేవు. దాని ఉత్కేంద్రతను నాలుగు దశాంశ స్థానాల వరకు చెప్పవచ్చును. మనిషి ఎంచుకుంటాడు, మనసు మార్చుకుంటాడు. అతని నడకకు ఒకే నాభి ఉండదు, దానిని కొలిచే సంఖ్యా లేదు. మహనీయులు కొందరు వింతగా నడిచినారు గనుక వింతగా నడిచేవారందరూ మహనీయులే అనుట తర్కం కాదు. వేరుగా నడుచుట గొప్పా కాదు, తప్పూ కాదు. ఆ నడక వల్ల ఇతరులకు హాని కలిగితే హానిని బట్టి విచారించవలెను. ఆ మనిషియే బాధపడుతుంటే, నిద్రాహారాలు మాని కుమిలిపోతుంటే, వైద్యుని వద్దకు తీసుకొనిపోవలెను. అది వింత నడక అని వదిలివేయుట కూడా క్రూరమే.

ఉపాధ్యాయులకు నా మనవి ఇది. ఉత్కేంద్రత పాఠం చెప్పేనాడు మేకులు, దారం తరగతికి తీసుకొనిపోండి. భూమి కక్ష్యను పిల్లలచేతనే గీయించండి. సూర్యుని చోట చుక్క పెట్టించి, మధ్యబిందువు నుంచి దూరం కొలిపించండి. ఎవరైనా నిఘంటువు తెరిచి తిక్క సంగతి ఎత్తితే నా వలె నవ్వి దాటవేయకండి. తరగతిలో ఒక్కడే కూర్చునే పిల్లవాడు, ఆటలకు రాని పిల్ల ఆ జవాబు కొరకు చెవి పెట్టి ఉండవచ్చును.

నా విద్యార్థికి మరుసటి రోజు జవాబు చెప్పినాను. ఆ ముసలమ్మ ఎప్పుడు, ఎందుకు అడవికి పోతున్నదో ఊరిలో ఎవరైనా ఆమెను అడిగినారా అన్నాను. ఎవరూ అడగలేదట. వారం తరువాత అతడు తన తల్లిని వెంటబెట్టుకొని వెళ్ళి అడిగినాడు. మోకాళ్ళ నొప్పికి ఆకు, కడుపునొప్పికి వేరు. ఎండ ఎక్కితే నడవలేదు గనుక తెల్లవారకముందే పోతుంది. పండుగలకు రాకపోవుటకు కారణం, ఆమె భర్త పోయిన తరువాత ఎవరూ పిలవకపోవుటయే. వచ్చే సంక్రాంతికి పిలుస్తామని అతని తల్లి చెప్పి వచ్చినదట.